ఊరి కంటే ముందొచ్చిన మాట

సాయంత్రం ఎండ గోడ దిగేసరికి మా అరుగు మీద గల్లీ పిల్లలు చేరతారు. నా మనుమరాలు వాళ్లకు ఇంగ్లీషు చెబుతుంది. తాను ఇంకా డిగ్రీ చదువుతూనే ఉంది, అయినా ఆ కాసేపు మాత్రం చున్నీ నడుముకు బిగించి, ఇంట్లో పెద్దవాళ్లను కూడా లెక్కచేయని గొంతుతో మాట్లాడుతుంది. ఈ రోజు నేను గడప లోపల పీట వేసుకొని చింతపండులో గింజలు తీస్తున్నాను. గింజలు పారేయను. వేయిస్తే పిల్లలు నములుతారు, పళ్లు గట్టిగా ఉన్నవాళ్ల సంగతే అనుకోండి. చేతులు చింతపండులో ఉన్నాయి గానీ ఒక చెవి పాఠం మీద, ఇంకో చెవి బియ్యం డబ్బా మూత మీద పెట్టిన ఫోను మీద ఉంది. నా కొడుకు లారీ డ్రైవరు. పొద్దున పసుపు లోడు వేసుకొని తమిళనాడులోని ఈరోడ్‌కు బయలుదేరాడు. ఇందల్వాయి టోల్‌గేటు దాటాక ఒకసారి మాట్లాడాడు. ఆ తరువాత ఫోను మోగలేదు. హైదరాబాదు దాటి పెద్ద రోడ్డు మీద ఉంటాడు, ఆపడానికి వీలుండదు అని నాకు నేనే చెప్పుకుంటున్నాను, చెప్పుకుంటున్నకొద్దీ నమ్మకం పోతోంది.

"ఇంగ్లీషుల ముందుగాల ఎవరు, తర్వాత ఏం చేసిన్రు, ఎక్కడ అనేది ఆఖరికి," అంటోంది మనుమరాలు. "ఆ ఎక్కడలో గూడ చిన్న జాగ ముందు, పెద్ద జాగ ఎన్క. ఇల్లు, గల్లీ, ఊరు. మన తెలుగుకు ఉల్టా." ఉల్టా అనే మాటకు పిల్లలు నవ్వారు. నాకు నవ్వు రాలేదు. గింజ వేళ్ల మధ్యనే ఆగింది, చూపు మాత్రం తనంతట తాను దేవుని గూటి పక్క గోడ మీదికి పోయింది.

ఆ గోడ సంగతి చెప్పాలి. దాని మీద పై నుంచి కిందికి ఒక వరసలో పసుపు చుక్కలుంటాయి, గడపకు పెట్టినట్టే. అన్నిటికంటే పైన నాగపూర్. అది అందుకోవాలంటే నాకు స్టూలు కావాలి. దాని కింద ఆదిలాబాద్, నిర్మల్. నా గుండెకాయ ఎత్తులో రెండు చుక్కలు పక్కపక్కనే ఉంటాయి, అది మన నిజామాబాద్. అక్కడి నుంచి కిందికి కామారెడ్డి, హైదరాబాద్, కర్నూల్, అనంతపురం, బెంగళూరు, హోసూరు, క్రిష్ణగిరి, సేలం. ఈరోడ్ నేలకు జానెడు ఎత్తులో ఉంటుంది. కొడుకు ఎక్కడి నుంచి ఫోను చేస్తే అక్కడ ఒక బొట్టుబిళ్ల అతికిస్తాను. వాడు ముందుకు పోతే బిళ్లను తీసి ముందు చుక్క మీద పెడతాను. ఒకే బిళ్ల. దాని వెనక జిగురు ఎప్పుడో పోయింది, అన్నం మెతుకు అద్ది పెడుతున్నాను. కొత్త బిళ్లల అట్ట ఇంట్లో ఉంది గానీ పాతది ఇంకా నిలబడుతుండగా కొత్తది ఎందుకు తీయాలి. "దేవుని పటానికి బొట్టు పెట్టు అంటే కుంకుమ అయిపోయిందంటది, గోడకు మాత్రం రోజూ పెడతది," అని మా ముసలాయన వచ్చినవాళ్లకల్లా చెబుతాడు. పసుపు మార్కెట్లో బస్తాలు మోసి నడుము పోగొట్టుకున్న మనిషి, నోరు మాత్రం పోగొట్టుకోలేదు.

మనుమరాలు ఫోనులోనే రోడ్డు చూపిస్తుందని, నీలం చుక్క నడుస్తుందని చూపించింది. ఆ నడిచే చుక్క ఆమెదే తప్ప నా కొడుకుది కాదు. పైగా అది తెరిచిపెడితే చార్జింగు తింటుంది. నేను చదివింది రెండో తరగతి. అక్షరాలు వచ్చు, నా పేరు రాస్తాను, బస్సు బోర్డు చదువుతాను. కానీ ఊళ్లు నాకు అక్షరాలతో తెలియవు, వరసతో తెలుసు. దేని తరువాత ఏది వస్తుందో తెలిస్తే చాలు, దూరంలో ఉన్న మనిషిని చెయ్యి పట్టుకున్నట్టే ఉంటుంది.

ఈ వరస పిచ్చి నాకు పుట్టింటి నుంచే వచ్చింది. మాది బోధన్ దిక్కు. మా నాన్నకు, మా బాపుకు, ఎడ్లబండి ఉండేది. కాలువ కింద భూములు కొనుక్కొని కోస్తా నుంచి వచ్చిన క్యాంపు రైతుల చెరుకు, గానుగ సీజన్ మొదలైందంటే మా బాపు బండి మీద చక్కెర ఫ్యాక్టరీకి పోయేది. ఫ్యాక్టరీ గేటు ముందు బండ్లు బారులు తీరి ఉండేవి, వంతు ఎప్పుడొస్తుందో ఎవరూ చెప్పలేరు. చెరుకు మడ్డి వాసన మా ఇంటి దాకా వచ్చేది గానీ బాపు వచ్చేవాడు కాడు. అమ్మను మేం అవ్వ అంటాం, ఆమె పొయ్యి ముందు కూర్చొని చెవులు రోడ్డు మీద పెట్టేది. ఖాళీ బండ్లతో తిరిగొచ్చేవాళ్లు మా ఇంటి ముందుకు రాగానే బండి ఆపకుండానే కేకేసేవాళ్లు. "ఎడపల్లి కాడ ఎడ్లకు నీళ్లు పెడుతుండు," అనో, "ఫ్యాక్టరీ గేటు కాడ బండి కింద పండుకున్నడు," అనో. ముందు జాగా, తరువాత మనిషి ఏం చేస్తున్నాడో. జాగా పేరు చెవిన పడగానే అవ్వ భుజాలు దిగేవి. మిగతా మాట వినకుండానే లేచి పిండి కలిపేది.

చెడ్డ కబురు మాత్రం ఇలా రాదు. మా దిక్కున, ఇప్పుడు మేముండే ఈ గల్లీలో కూడా, చావు కబురు తెచ్చినవాళ్లు ఊరి పేరుతో మాట మొదలుపెట్టరు. వాకిట్లో నిలబడి మనిషి వరస, బాపు అనో అన్న అనో, చెప్పి ఆగిపోతారు. అంతే. మిగతాది వాళ్లు చెప్పనక్కరలేదు, ఇంట్లోవాళ్లు అడగనక్కరలేదు. ఎవరూ నేర్పిన పద్ధతి కాదు, గొంతు అక్కడికి వచ్చేసరికి ఆగిపోతుంది కాబట్టి అలా అయిందేమో. నేను పెండ్లయి ఈ ఇంటికి వచ్చి, చాట ఒళ్లో పెట్టుకొని బీడీలు చుట్టడం నేర్చుకున్న కొత్తలో, బోధన్ నుంచి మా చిన్నాయన కొడుకు వచ్చాడు. చెప్పులు విడవలేదు. "అక్కా, మీ బాపు..." అన్నాడు. ఎక్కడ అని నేను అడగలేదు. చేతిలో ఉన్న ఆకును కత్తిరతో కత్తిరించడం పూర్తిచేసి, చాటలో పెట్టి, అప్పుడు లేచాను. ఆ ఆకు కత్తిరించిన చప్పుడు నాకు ఇప్పటికీ వినిపిస్తుంది.

అందుకే నా కొడుకు లారీ స్టీరింగు పట్టిన రోజే ఇంట్లో ఒక కట్టుబాటు పెట్టాను. ఫోను చేస్తే మొదటి మాట ఊరి పేరు. తిన్నావా, పడుకున్నావా, ఎండ ఎట్లుంది అనేవన్నీ తరువాత. మొదట్లో వాడు మరిచి "అవ్వా, ఏం కూర వండిన్రు?" అని మొదలుపెడితే నేను ఫోను పెట్టేసేదాన్ని. వాడు మళ్లీ చేసి "కర్నూల్ అవ్వా, కర్నూల్," అనేవాడు. కొన్నాళ్లకు హలో అనడం కూడా మానేశాడు. ఫోను ఎత్తగానే ఊరి పేరే. ఒకసారి ముసలాయన ఎత్తితే "అనంతపురం" అని వినిపించి, రాంగ్ నంబరనుకొని పెట్టేశాడు.

ఇంతలో మనుమరాలు స్పోకెన్ ఇంగ్లీషు క్లాసులో చేరతానంది. బస్టాండు దగ్గర బట్టల దుకాణం మీది మేడలో ఎవరో సారు చెబుతాడట. మన నోట్లో ఉన్న మాటలే ఖర్చు కావడం లేదు, కొత్తవి కొనడం ఎందుకన్నాను. తండ్రిని డాడీ అని పిలవడం మాన్పించలేకపోయిన నేను క్లాసు ఏం మాన్పిస్తాను. నా కోడలు, అంటే ఆమె తల్లి, పుట్టినప్పటి నుంచి బీడీల చాట దించని మనిషి, నా ముందు నోరెత్తనిది, ఆ రోజు తల వంచుకొనే "పోనియ్యి అత్తమ్మా. నా లెక్క దాని చెయ్యి పొగాకు వాసన రావద్దు," అంది. మరునాడు కొంగు ముడి విప్పి క్లాసు డబ్బులు తీసిచ్చాను.

క్లాసుకు పోయిన కొత్తలో మనుమరాలు వంటింటి గడప మీద నిలబడి, "మై గ్రాండ్‌మదర్ ఈజ్ సిట్టింగ్ ఆన్ ది పీట ఇన్ ది కిచెన్ ఇన్ నిజామాబాద్," అని అప్పజెప్పింది. పీటకు ఇంగ్లీషు మాట తోచలేదట. అర్థం చెప్పమన్నాను.

"నాయినమ్మ కూసున్నది, పీట మీద, వంటింట్ల, నిజామాబాద్ల."

"గదేం మాట? నిజామాబాద్ల, మనింట్ల, వంటింట్ల, పీట మీద కూసున్నది అను. మనిషి ఊర్లెకు రాకముందే పీట మీద ఎట్ల కూసుంటది?"

"ఇంగ్లీషోళ్లకు గట్లనే నాయినమ్మా. వాళ్లు పీట కాడ మొదలుపెట్టి ఊరి దిక్కు పోతరు."

"సరే, మీ అయ్య గురించి సెప్పు గట్ల."

ఆమె కాస్త ఆలోచించి, "మై ఫాదర్ ఈజ్ డ్రైవింగ్ ఎ లారీ నియర్ కర్నూల్," అంది.

"ఆఖరిదాకా కర్నూల్ రాలే. అందాక నేనేం పట్టుకొని కూసోవాలె?" అన్నాను. మనుమరాలు నవ్వి వెళ్లిపోయింది. మంచం మీది నుంచి ముసలాయన, "మీ నాయినమ్మ ఇంగ్లీషును గూడ గోడకు అతికిస్తది సూడు," అన్నాడు. నేను నవ్వలేదు. ఊరు చివర్లో చెప్పే భాషను నమ్మకూడదని ఆ రోజే మనసులో తీర్మానం చేసుకున్నాను.

పోయిన పసుపు సీజన్లో ఒకనాడు ఆ తీర్మానం తిరగబడింది. ఏర్గట్ల దిక్కు రైతుల పసుపు మార్కెట్లో కుప్పలు పడి, వీధిలో నడిచేవాళ్ల కాళ్లు కూడా పచ్చబడే రోజులవి. ఈరోడ్‌కు లోడు వెంట లోడు పోతోంది. కొడుకు పోయేముందు కడుపులో నొప్పిగా ఉందన్నాడు. వాము నీళ్లు కాచి ఇచ్చాను. తాగి, తగ్గిందన్నాడు. తగ్గకపోయినా తగ్గిందనే మనిషే. కామారెడ్డి వచ్చింది, హైదరాబాద్ వచ్చింది, కర్నూల్ వచ్చింది. మరునాడు పొద్దున అనంతపురం నుంచి మాట్లాడాడు, గొంతు నీరసంగా ఉంది. బిళ్లను అనంతపురం మీద పెట్టాను. మధ్యాహ్నానికి బెంగళూరు రావాలి. రాలేదు. సాయంత్రం ఫోను చేస్తే స్విచాఫ్ అని ఆడగొంతు చెప్పింది. ఆ గొంతు చెప్పేది కూడా నాకు ఇంగ్లీషులోనే వినిపించింది, అర్థం మాత్రం భాషతో పనిలేకుండా తెలిసిపోయింది.

ఆ రాత్రి ఎలా గడిచిందో చెప్పను. పొద్దున్నే ముసలాయన కర్ర పట్టుకొని లారీ ఓనరు దగ్గరికి పోయి వచ్చాడు. లారీకి ఏదో మిషను పెట్టారు, అది ఎక్కడుందీ ఓనరు ఫోనులో కనబడుతుంది. "హోసూరు దాటి, క్రిష్ణగిరి రాకముందు, రోడ్డు పక్కన ఒక ధాబా కాడ ఆగి ఉన్నదట," అన్నాడు. "నిన్న పొద్దుమీకినప్పటి నుంచి కదలలేదట. ఓనరు ఆ దిక్కున్న ఇంకో డ్రైవరును సూసిరమ్మన్నడు. వాడు పోయెటాలకు మధ్యాహ్నమైతదట." ఊరు తెలిసింది. ఎంత వివరంగా తెలియాలో అంత వివరంగా తెలిసింది. నేను జీవితమంతా ముందు అడిగిన మాట అదే. అయినా నా భుజాలు దిగలేదు. లారీ ఎక్కడుందో మిషను చెబుతోంది, లారీలో నా కొడుకు ఉన్నాడో లేడో చెప్పడం లేదు. బిళ్లను తీసి వేలి కొనకు పెట్టుకున్నాను గానీ ఏ చుక్క మీదా పెట్టలేకపోయాను. లారీకి బొట్టు పెట్టి నేనేం చేసుకోను?

"పెట్టవేమే, క్రిష్ణగిరికి జర పైన పెట్టు," అన్నాడు ముసలాయన. ఊరికే ఉండలేక అన్నాడు. ఆయన కర్ర నేల మీద టకటకమంటూనే ఉంది.

"లారీ నేను కన్నదా?" అన్నాను.

మనుమరాలు కాలేజీ మానేసి తండ్రి నంబరుకు ఫోను కొడుతూనే ఉంది. కోడలు చాట ఒళ్లో పెట్టుకొని బీడీలు చుడుతోంది. చుట్టినదాన్నే విప్పి మళ్లీ చుడుతోంది. ఆకు పాడవుతుందని మరో రోజైతే అరిచేదాన్ని. పొయ్యి మీద అన్నం మాడిన వాసన వస్తోంది, ఎవరమూ లేవలేదు. బయట పాత ఇనుము కొనే ఆటో ఒకటి మైకు పెట్టుకొని గల్లీలోకి వచ్చింది. పాత ఇనుముకు, పాత ప్లాస్టిక్‌కు, పాడైన కూలర్లకు అని ఒకటే అరుపు. సరిగ్గా అప్పుడే మనుమరాలు ఒక్కసారి లేచి నిలబడింది. ఫోను కలిసింది.

అవతల ఎవరో ఆడమనిషి. నా కొడుకు గొంతు కాదు. మనుమరాలు తెలుగులో మాట్లాడింది, వాళ్లకు అర్థం కాలేదు. తరువాత ఇంగ్లీషులో మాట్లాడింది. నా ముందు అప్పజెప్పినప్పుడున్న ధైర్యం ఆ గొంతులో లేదు, అయినా మాటలు వస్తున్నాయి. ఒక చెవికి ఫోను, ఒక చెవికి వేలు. నేను గోడ దగ్గర నిలబడ్డాను, వేలి మీద బిళ్ల ఉంది. "ఊరు సెప్పు ముందు," అన్నాను. ఆమె చెయ్యి అడ్డంపెట్టి ఆగమంది. అవతలి మాట విని, మా వైపు తిరిగి, నోరు తెరిచింది.

"డాడీ..." అని ఆగిపోయింది.

మైకు మా వాకిట్లోనే ఉంది. కోడలి ఒళ్లోని చాట జారి బీడీలన్నీ నేల మీద పడ్డాయి. ముసలాయన కర్ర ఆగింది. నాకు మా చిన్నాయన కొడుకు వాకిట్లో నిలబడి కనిపించాడు, చెప్పులు విడవకుండా. ఊరి పేరు లేకుండా మనిషి వరసతో మొదలై ఆగిన మాట మా ఇంట్లో ఒక్కటే అర్థం చెబుతుంది. ఎక్కడ అని నేను అడగలేదు. జీవితంలో మొదటిసారి నాకు ఏ ఊరూ అక్కరలేకపోయింది. గోడకు చెయ్యి ఆనించి నిలబడ్డాను, అంతే.

"ఉన్నడు," అంది మనుమరాలు. "డాడీ ఉన్నడు నాయినమ్మా. మంచం మీద ఉన్నడు. కిటికీ పక్క మంచం."

ఆటో మలుపు తిరిగింది. ఆమె ఒక్కొక్క ముక్కగా విని ఒక్కొక్క ముక్కగా చెప్పింది. మంచం పెద్ద వార్డులో ఉందట. వార్డు మొదటి అంతస్తులో ఉందట. అది ఒక దవాఖాన. దవాఖాన బస్టాండు వెనక. బస్టాండు క్రిష్ణగిరిలో. అవతలి నర్సమ్మ ఇంగ్లీషులో ఏ వరసలో చెబుతోందో ఈమె అదే వరసలో మాకు అందిస్తోంది, తిరగేసి చెప్పే ఓపిక ఎవరికుంది. కడుపులో పేగు చివర వాచి పగిలిందట. ధాబావాళ్లే ఎత్తుకొచ్చి దవాఖానలో వేశారట. ఆపరేషన్ అయిందట, మత్తులో ఉన్నాడట. ఫోను ఆగిపోయి ఉంటే ఆ నర్సమ్మే చార్జింగు పెట్టిందట.

మనుమరాలు ఫోను పెట్టేసి, అప్పుడు ఏడ్చింది. ఏడుస్తూనే, "నాయినమ్మా, ఆమె 'హీ ఈజ్' అన్నది. తర్వాత ఆటో మైకు ఒచ్చె. ఎక్కడనో ఏందో వినవడలే. నేను గూడ గట్లనే ఆగిపోయిన," అంది. నేను ఆమె తల నిమరలేదు, నాకు ఆ అలవాటు లేదు. "పో, మొకం కడుక్కో. అన్నం మాడింది, అడుగు గీకి కుక్కకు పెట్టు," అన్నాను. ఆమె వెళ్లాక గోడ వైపు తిరిగి బిళ్లను క్రిష్ణగిరి మీద పెట్టాను. నిలబడలేదు. మెతుకు ఆరిపోయింది. రెండోసారి కూడా పడిపోయింది. అప్పుడు కొత్త బిళ్లల అట్ట తీశాను.

మేం ముగ్గురం ఆడవాళ్లం బస్సులో బయలుదేరాం. ముసలాయన ఇల్లు చూసుకుంటానన్నాడు, నడుము ఆ ప్రయాణం ఓర్చదు. హైదరాబాదు దాటి నేను ఎప్పుడూ పోలేదు. బస్సు కిటికీ లోంచి నా గోడ మీది చుక్కలు ఒక్కొక్కటే ఊళ్లై వచ్చాయి. కర్నూల్ అంటే నాకు గోడ మీద ఒక చుక్క, ఇక్కడ చూస్తే ఎంత పెద్ద ఊరు. అనంతపురం దాటాక ఎర్ర నేల ఎంతకీ అయిపోలేదు. ఆ రెండు చుక్కల మధ్య నా వేలు ఒక్కసారి కదిలితే చాలు, నా కొడుకు ఆ కడుపు నొప్పితో ఎంత సేపు స్టీరింగు పట్టుకొని ఉన్నాడో. ఇన్నేండ్లు గోడ మీద ఊళ్లే పెట్టాను గానీ వాటి మధ్య దారి పెట్టలేదు. ఉన్నాడు అని విన్నాక కూడా నా గుండె స్థిమితపడలేదు, ఆ మాట నిన్నటిది కదా, ఈ రోజు ఏమైందో అని ప్రతి ఊరి దగ్గరా కొత్తగా భయం. బెంగళూరు, హోసూరు, క్రిష్ణగిరి, బస్టాండు, బస్టాండు వెనక దవాఖాన, మెట్లు, వార్డు. మన తెలుగు మాట్లాడినట్టే పోయాను, బయటి నుంచి లోపలికి. ఉన్నాడు అనే మాట చివరి మంచం దాకా దాగే ఉంది.

కిటికీ పక్క మంచం మీద చిక్కిపోయి పడుకొని ఉన్నాడు. కోడలు కాళ్ల దగ్గర నిలబడి చీర కొంగు నోట్లో కుక్కుకుంది. మనుమరాలు "డాడీ" అని పిలిచింది. కళ్లు తెరిచాడు. మొదట నన్నే చూశాడు. పెదవులు ఎండి ఉన్నాయి, మాట సగం సగం వస్తోంది. అయినా అలవాటు తప్పలేదు.

"క్రిష్ణగిరి, అవ్వా," అన్నాడు.

"తెల్సు, గమ్మున పండు," అన్నాను. కిటికీ లోంచి అరవ బోర్డులున్న బస్సులు చూస్తూ నిలబడ్డాను. అక్కడి అక్షరాలు నాకు ఒక్కటీ రావు, అయినా కళ్లు వాటిమీదే ఉంచాను, వెనక్కి తిరిగితే నా ముఖం వాళ్లకు కనబడుతుంది. ఆ నర్సమ్మ వచ్చి మనుమరాలితో ఏదో చెప్పి నవ్వింది. చిన్న పిల్ల, నా మనుమరాలి ఈడుదే. ఏమందని అడిగితే, "మీ డాడీ మత్తుల ఉన్నప్పుడు గూడ ఊర్ల పేర్లే సెప్తుండె అంటున్నది," అంది మనుమరాలు. నేను సంచిలోంచి ఇంటి నుంచి తెచ్చిన సకినాలు తీసి నర్సమ్మ చేతిలో పెట్టాను. నా దగ్గర ఇంగ్లీషు లేదు. ఆమె తీసుకుంది.

తిరిగొచ్చాక ఇంట్లో కట్టుబాటు మార్చాను. మార్చానని ఎవరికీ చెప్పలేదు. నేను మారితే ముసలాయన దాన్ని గల్లీ అంతా చాటుతాడు. వాడు మళ్లీ స్టీరింగు పట్టిన రోజు మాత్రం, "ఫోన్ల ముందుగాల మంచిగున్న అను. ఊరు తర్వాత," అన్నాను. కొడుకు ఒకసారి నా ముఖం చూసి చెప్పులు తొడుక్కున్నాడు. మనుమరాలు వినే ఉంటుంది, అయినా ఆ ఒక్కసారి నన్ను వెక్కిరించలేదు.

అరుగు మీద ఈ రోజు పాఠం అయిపోయింది. పిల్లలు చెప్పులు వెతుక్కుంటూ వెళ్లిపోతున్నారు. చింతపండు గింజలన్నీ వచ్చేశాయి, గిన్నె నిండింది, ఫోను మాత్రం బియ్యం డబ్బా మీద అలాగే ఉంది. దీపం పెట్టే వేళకు మోగింది. నా చేతులు పులుపుగా ఉన్నాయని మనుమరాలు ఎత్తి నా చెవికి ఆనించింది. అవతల లారీ హోరు, గాలి, తరువాత వాడి గొంతు. "మంచిగున్న అవ్వా," అన్నాడు. ఆ తరువాత కాస్త ఆగి, నేను అడిగేదాకా ఉండలేక, "కర్నూల్," అన్నాడు. చెయ్యి కడుక్కొని లేచి బిళ్లను కర్నూల్ మీదికి దించాను. ఇంకా చాలా చుక్కలున్నాయి కిందికి, నా నడుము వంగాల్సినవి.

బోధన్ దిక్కు పల్లె, నిజామాబాద్, ఈ గల్లీ, ఈ ఇల్లు, ఈ పీట అని నా బతుకును కూడా కాలం మన తెలుగు వరసలోనే చెప్పుకుంటూ వచ్చింది, ఉన్నదో లేదో అనే ఆఖరి మాటను మాత్రం ఇంకా చెప్పకుండా తన దగ్గరే పట్టుకొని కూర్చుంది.